గద్వాల మోడెమ్‌కు అంటిన కుంకుమ

నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఈపాటికే నవ్వుకుంటూ ఉంటారు. "కార్డును పక్క అంచులు పట్టుకుని ఎత్తు, కింద వరుసగా ఉన్న బంగారు గీతలను ముట్టుకోకు, ముట్టుకుంటే నీ పని చెప్తా" అని వాళ్ళను రోజుకు పదిసార్లు సతాయించేదాన్ని. కంప్యూటరు డబ్బా విప్పే ముందు చేతులు కడుక్కున్నారా లేదా అని పక్కన నిలబడి చూసేదాన్ని. వెనకాల నాకు "చేతులు కడిగే మేడమ్" అని పేరు పెట్టారని కూడా తెలుసు. ఆ చాదస్తం ఎక్కడ అంటుకుందో వాళ్ళకు ఎన్నడూ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గుపడ్డాను. పని మానేసి ఇంట్లో కూర్చున్నాక కూడా సిగ్గుపడితే ఇక చెప్పేది ఎప్పుడు?

తొంభైల చివరి మాట ఇది. పాలిటెక్నిక్ డిప్లొమా చేతిలో పట్టుకుని వనపర్తిలో ఒక కంప్యూటర్ల షాపులో చేరాను. షాపంటే రెండు గదులు, ఒక ఫోను, గోడకు పేర్చిన పాత డబ్బాలు. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు, ఈ మూడు ఊళ్ళలో ఎక్కడ కంప్యూటరు మొరాయించినా మా షాపుకే కబురు వచ్చేది. నన్ను తీసుకున్నది కౌంటర్లో కూర్చోబెట్టడానికి. ఊళ్ళు తిరిగి బాగుచేసే అతను హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికి వెళ్ళిపోతే, మా ఓనర్ వారం రోజులు తల పట్టుకున్నాడు.

"ఆడపిల్లను పంపితే కస్టమర్ ఏమనుకుంటడు?" అని నా ఎదురుగానే అందరినీ అడిగేవాడు.

ఇంకెవరూ దొరకలేదు కాబట్టి నన్నే పంపాడు. మొదటి మోడెమ్‌ను నాగర్‌కర్నూలులో ఒక విత్తనాల వ్యాపారి దగ్గర పెట్టాను. అరగంటలో అయిపోయింది. ఆయన టీ తాగించి, మేడమ్ చేయి బంగారం అన్నాడు. ఆ మాట నెత్తికెక్కింది.

ఈ కాలం పిల్లలకు మోడెమ్ అంటే ఏమిటో ఒక ముక్కలో చెప్తాను. అది జానెడు పొడవుండే ఒక కార్డు. కంప్యూటరు డబ్బా విప్పి, లోపలున్న గాడిలో దాన్ని దిగేసి, టెలిఫోన్ తీగ తెచ్చి వెనక గుచ్చాలి. అప్పుడు కంప్యూటరే హైదరాబాద్‌కు ఫోన్ కలుపుకుని అక్కడి కంప్యూటరుతో మాట్లాడుతుంది. ఒక్క ఉత్తరం పంపడానికి అంత తతంగం. అయినా ఆ రోజుల్లో అది మాకు ఆకాశమంత సంగతి.

ఎండాకాలం నడిమధ్యలో గద్వాల నుంచి పిలుపు వచ్చింది. అక్కడ చేనేత కార్మికుల సంఘం ఒకటి ఉంది. ఎవరో దానమిచ్చిన పాత కంప్యూటరు ఒకటి వాళ్ళ ఆఫీసులో మూలకు ఉంది. బొంబాయిలో ఒక పెద్ద బట్టల వ్యాపారికి వాళ్ళ చీర అంచు ఒకటి నచ్చింది. దాన్నే మూడు కొత్త రంగుల్లో వేసి చూపించండి, నచ్చితే ఆర్డరిస్తాం, ఫలానా రోజు సాయంత్రం ఐదింటికి లిస్టు మూసేస్తాం అన్నారట. ఈమెయిల్లో పంపమన్నారు. ఫ్యాక్సులో పంపుదామంటే రంగులు పోతాయి. పోస్టుకు వ్యవధి లేదు. ఫ్లాపీలో ఎక్కించి ఎక్కడికైనా పట్టుకుపోదామంటే ఆ కంప్యూటరు ఫ్లాపీ డ్రైవు దుమ్ము తిని ఎప్పుడో మూగబోయింది. ఉన్నది ఒకటే దారి, మోడెమ్.

మా దగ్గరికి మోడెమ్ కార్డు రావడమే ఆలస్యమైంది. సరిగ్గా ఆ ఆఖరు రోజు పొద్దున దాన్ని నా చేతికిచ్చి మా ఓనర్ అన్నాడు, "ఇయ్యాల పని గాకపోతే రేపటి సంది నువ్వు కౌంటర్లనే. మల్ల బయటికి పంపుమని నన్ను అడగొద్దు."

ఇంట్లో అమ్మకు ఈ బెదిరింపు సంగతి చెప్పలేదు. కానీ అమ్మలకు చెప్పకుండానే తెలుస్తుంది కదా. ఆ రోజు తనే నన్ను కూర్చోబెట్టి, నుదుటికి మైనం రాసి, దాని మీద రూపాయి బిళ్ళంత కుంకుమ అద్ది పంపింది. నాకు అంత పెద్ద బొట్టు నచ్చదు. ఆ రోజు మాత్రం పెట్టించుకున్నాను.

తొమ్మిదింటికి గద్వాలలో బస్సు దిగాను. సంఘం ఆఫీసు ఒక పాత పెంకుటింట్లో ఉంది. ముందు గదిలో కంప్యూటరు, వెనక వసారాలాంటి సాయబానులో నూలు చుట్టే రాట్నాలు, ఆ వెనక గుంత మగ్గాలు. సంఘం అధ్యక్షుడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. తెల్లటి బట్టలు, మెడలో కండువా, ముఖంలో నిద్రలేమి. నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని వీధిలోకి తొంగి చూశాడు.

"ఇంజినీరు సారు ఎప్పుడొస్తడమ్మా?"

"నేనే వచ్చిన. నేనే చేస్త."

ఆయన పక్కకు జరిగాడు. లోపల ఆఫీసు గుమాస్తా ఉన్నాడు, ముప్పై ఏళ్ళవాడు, కంప్యూటరు నడపడం వచ్చిన ఒకే ఒక్క మనిషి. అతని కుర్చీ పక్కన కింద చాప మీద ఒక పెద్దావిడ కూర్చుని రాట్నం తిప్పుతూ నూలు కండెలు చుడుతోంది. నుదుట బొట్టు లేదు, చేతులకు గాజుల్లేవు. అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలిచారు, నేనూ అలాగే పిలిచాను.

బొంబాయికి నచ్చిన అంచు పెద్దమ్మదే. ఆమె మగ్గం దిగి చాలా కాలమైంది కానీ, ఏ పోగు పక్కన ఏ పోగు పడాలో ఆమె తలలో ఉంది. ఆమె చెప్తుంటే గుమాస్తా తెర మీద ఒక్కో గడికి ఒక్కో రంగు నింపాడు. పోగుకొక గడి. అలా పది రోజులు. ఆ బొమ్మ నాకు చూపించారు. చిన్న చిన్న గడుల్లో కోట బురుజుల్లాంటి కొమ్ములు, వాటి నడుమ హంసలు.

"ఇది పోతేనే ఆర్డర్," అన్నాడు అధ్యక్షుడు. "పన్నెండిండ్ల మగ్గాలు దసరా దాక నడుస్తయి. లేకుంటే వానల్ల గుంతలకు నీళ్ళొచ్చినప్పుడు ఎట్లనో, ఇప్పుడూ గట్లనే. చేతులు కట్టుకొని కూసోవాలె."

ఆ మాట విని నా చేతులను చూసుకున్నాను. నాగర్‌కర్నూలు వ్యాపారి బంగారం అన్న చేయి ఇదేనా అనిపించింది.

డబ్బా విప్పాను. లోపల దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. ఊది, బ్రష్షుతో దులిపి, కార్డును సంచిలోంచి తీశాను. పెంకుల కింద ఆ గది పొయ్యి మీద పెనంలా ఉంది. ఫ్యాను గాలి కంప్యూటరు మీదికి రాకూడదని నేనే ఆపించాను, దుమ్ము లేస్తుందని. నుదుటి మీది చెమట కళ్ళలోకి దిగుతుంటే ఒక చేత్తోనో రుమాలుతోనో తుడుచుకుంటూ, ఇంకో చేత్తో కార్డు పట్టుకుని గాడి వెతికాను. గాడి బిగుతుగా ఉంది. చేతులు మార్చుకుని నొక్కాను, రెండుసార్లు తీసి పెట్టాను, మూడోసారికి దిగింది. స్క్రూ బిగించి కంప్యూటరు ఆన్ చేశాను. అది లేవడానికే పది నిమిషాలు. లేచాక మోడెమ్‌ను వెతకమన్నాను. వెతికింది.

మోడెమ్ ఏదీ కనపడలేదు అంది.

మొదటిసారి ఇలా రావడం మామూలే అని వాళ్ళతో నవ్వుతూ చెప్పాను. పాత కంప్యూటర్లలో మౌసుకూ మోడెమ్‌కూ ఒకే దారి కేటాయించి ఉంటే రెండూ పోట్లాడుకుంటాయి. కార్డు మీద మెంతిగింజంత నల్లటి మూతలుంటాయి, వాటిని ఒక పుల్ల మీంచి ఇంకో పుల్ల మీదికి మారిస్తే దారి మారుతుంది. మార్చాను. మళ్ళీ ఆన్, మళ్ళీ పది నిమిషాలు. కనపడలేదు. ఇంకో దారికి మార్చాను. కనపడలేదు. నాలుగు దారులుంటే నాలుగూ చూశాను. ప్రతిసారీ అధ్యక్షుడు నా భుజం మీంచి తెరలోకి వంగి చూసి, "ఏమంటున్నది?" అని అడిగేవాడు. అది ఏమంటోందో నాకు మాత్రం ఏం తెలుసు!

పన్నెండింటికి కరెంటు పోయింది.

"ఇగ రెండు దాక రాదు," అన్నాడు గుమాస్తా. ఎండాకాలంలో రోజూ అంతేనట.

ఐదింటికి లిస్టు మూసేస్తారు. అందులోంచి రెండు గంటలు అలా ఎగిరిపోయాయి. కార్డును తీసి బల్ల మీద కాగితం పరిచి పెట్టాను. అమ్మ కట్టిచ్చిన డబ్బా తీసుకుని సాయబానులోకి వెళ్ళి కూర్చున్నాను కానీ, జొన్నరొట్టెను తుంచుతూనే ఉన్నాను తప్ప తినలేదు. అధ్యక్షుడూ గుమాస్తా భోజనాలకు వెళ్ళారు. పెద్దమ్మ మాత్రం కదలలేదు. కార్డు పక్కనే చాప మీద కూర్చుని కండెలు చుడుతూ ఉంది. మధ్యలో ఒకసారి లేచి, నాకు కుండలోని నీళ్ళు ముంచి ఇచ్చింది. ఇచ్చి నా ముఖంలోకి ఒక క్షణం ఎక్కువసేపే చూసింది. ఏదో అనబోయి ఆగింది.

"జర నిమ్మలంగ తిను బిడ్డా. కరెంటొస్తే గాని ఏం కాదు గద," అంది చివరికి.

రెండున్నరకు కరెంటు వచ్చింది. కార్డు పెట్టాను, కనపడలేదు. అప్పుడే ఫోన్ మోగింది. మా ఓనరు.

"ఏమైంది?"

"చేస్తున్న సార్."

"పొద్దటి సంది చేస్తున్నవ్. చేతనైతే అయితదని చెప్పు, చేతగాకపోతే కాదని చెప్పు. వాళ్ళకు వేరే దారన్న చూసుకోనియ్యి."

వేరే దారి ఏదీ లేదని ఆయనకూ తెలుసు. ఫోన్ పెట్టేశాక నా వేళ్ళు వణకడం మొదలైంది. ఏం చేయాలో తోచక కార్డును మళ్ళీ బయటికి లాగి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో తిప్పి చూశాను. అప్పుడు కనపడింది. కింది అంచున, గాడిలో కంప్యూటరుకు తగిలే బంగారు గీతల మీద ఒకచోట ఎర్రటి మరక. వేలితో రాస్తే వేలికి అంటింది. కుంకుమ.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. భయంలో ఉన్న మనిషికి ఎవరి మీదనైనా అరిచే అవకాశం దొరికితే ఎంత హాయిగా ఉంటుందో ఆ క్షణంలో నాకు తెలిసింది.

"దీనికి కుంకుమ ఎవరు పెట్టిండ్రు?" అని అరిచాను. "ఇది మిషనా, దేవుడా? ఎవరు పెట్టిండ్రు చెప్పుండ్రి!"

గదిలో అందరి కళ్ళూ ఒకే వైపు తిరిగాయి. మీకు ఒక సంగతి చెప్పాలి. నేత ఇళ్ళలో కొత్త మగ్గం దించినా, పోగును అటూ ఇటూ విసిరే కొత్త నాడె తెచ్చినా పసుపూ కుంకుమా పెట్టకుండా చేయి వేయరు. ఆ ఆఫీసులోనూ గోడ గూట్లో దేవుడి పటం, దాని ముందు కుంకుమ భరిణె ఉన్నాయి. కొత్తగా వచ్చిన వస్తువుకు ఎవరో ఆ ప్రకారం బొట్టు పెట్టారని నేనూ అనుకున్నాను, అందరూ అనుకున్నారు. మధ్యాహ్నమంతా కార్డు పక్కన ఉన్న మనిషి ఒక్కరే.

అధ్యక్షుడు పెద్దమ్మ ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"నువ్వేనా?"

పెద్దమ్మ రాట్నం ఆపింది. ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. అధ్యక్షుడి గొంతు లేచింది.

"బొట్టు పెట్టనీకె నువ్వెవరు? పెట్టాలంటే ముత్తైదువులు లేరా ఇండ్లల్ల? నీ చెయ్యి తగిలింది గనుకనే గిట్లయింది. పన్నెండిండ్లోల్ల నోట్లె మట్టి గొడ్తవా?"

ఆ మాట విని నేను బిత్తరపోయాను. నేనన్నది బంగారు గీతల సంగతి. ఆయన అంటున్నది వేరే సంగతి. రెండింటికీ సంబంధం లేదని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. గడియారం మూడు దాటింది, నాకు నా కార్డు తప్ప ఇంకేమీ కనపడలేదు.

"పో, సాయబాన్ల కూసో. గీ గదిలకు మల్ల రాకు," అన్నాడాయన.

పెద్దమ్మ రాట్నం ఎత్తుకుంది, కండెల బుట్ట చంకన పెట్టుకుంది, చాప అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

గుమాస్తా దగ్గర పెన్సిలు రబ్బరు తీసుకుని గీతలను రుద్దాను. మామూలుగా కుంకుమ పొడి ఊదితే పోవాలి. ఇది జిడ్డుగా, బంకగా పట్టుకుని ఉంది. రబ్బరు జారిపోయింది. ఎందుకలా ఉందని ఒక్క క్షణం అనిపించింది కానీ, ఆలోచించే తీరిక లేదు. బట్టతో గట్టిగా తుడిచి, మళ్ళీ రబ్బరు పెట్టి, గీతలు తళతళలాడేదాకా రుద్దాను. కార్డు గాడిలో పెట్టాను. ఆన్ చేసి కళ్ళు మూసుకున్నాను.

"మేడమ్, కనపడ్డది!" అన్నాడు గుమాస్తా.

మూడు గంటల నలభై నిమిషాలు. తీగ గుచ్చి హైదరాబాద్ నంబరుకు డయల్ చేయించాను. టకటకమని పాట పాడినట్టు అంకెలు పోయాయి. తర్వాత నిశ్శబ్దం. మళ్ళీ చేశాను. మళ్ళీ నిశ్శబ్దం. నాలుగైంది. నాగర్‌కర్నూలులో ఇదే పద్ధతిలో మొదటిసారికే కలిసింది. అధ్యక్షుడు వీధిలోకి పరుగెత్తి టెలిఫోన్ లైన్‌మన్‌ను సైకిలు దింపి మరీ లాక్కొచ్చాడు. నెరిసిన గడ్డం, ఖాకీ చొక్కా, నడుముకు తాళ్ళు. ఆయన తన ఫోను తగిలించి చెవిన పెట్టుకుని విన్నాడు.

"లైన్ ఏక్‌దమ్ సాఫ్ ఉన్నది బేటీ. మీ మిషన్ ఎట్ల నంబర్ కొడుతుందో జర వినిపియ్యి."

వినిపించాను. ఆయన నవ్వాడు.

"గిది పాట పాడుతున్నది. మా ఎక్స్చేంజీకి పాటలు రావు. పాతది. దానికి కట్‌కట్‌మని ఒక్కొక్కటి కొట్టుడే తెలుసు. గట్ల కొట్టనీకె వస్తదా దీనికి?"

వస్తుంది. మోడెమ్‌కు ఇచ్చే ఆదేశంలో ఒక్క అక్షరం మారిస్తే వస్తుంది. నాగర్‌కర్నూలులో అవసరం పడలేదు కాబట్టి, గద్వాలలోనూ పడదనుకున్నాను. మార్చి డయల్ చేయించాను. కట్‌కట్ కట్‌కట్ అంటూ ఒక్కో అంకె నింపాదిగా వెళ్ళింది. అవతల మోగింది. ఎత్తింది. ఆ వెంటనే గీమని ఒక కీచు, దాని మీద బుస్సుమని ఒక హోరు. లైన్‌మన్ చెవులు మూసుకున్నాడు. నాకది ప్రాణం లేచొచ్చిన చప్పుడు.

రెండుసార్లు మధ్యలో తెగింది. మూడోసారి నిలిచింది. నాలుగూ యాభై మూడుకు హంసల అంచు, మూడు రంగుల్లో, బొంబాయి వెళ్ళిపోయింది. అధ్యక్షుడు అక్కడికి ఫోన్ చేసి అందిందని రూఢి చేసుకుని, కుర్చీలో కూలబడి కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. తర్వాత గోలీసోడాలు తెప్పించాడు.

"కుంకుమ తుడిచినంక చూడుండ్రి, ఎట్ల నడిచిందో," అన్నాడు అందరితో. "పీడ పోయింది."

నేను సోడా తాగాను. అది పీడ కాదు, జిడ్డు అని అనలేదు. అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు, మేడమ్ మేడమ్ అంటున్నారు. వెళ్ళేటప్పుడు సాయబాను వైపు చూశాను. పెద్దమ్మ నాకు వీపు చేసి కూర్చుని రాట్నం తిప్పుతోంది.

వనపర్తి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీద చల్లగాలి తగిలితే హాయిగా ఉండి, చేతిరుమాలుతో ముఖం తుడుచుకున్నాను. రుమాలు మడత పెడుతూ చూద్దును కదా, దాని నిండా ఎర్రటి మరకలు. అప్పుడే అంటినవి కావు, పొద్దటి నుంచి ఒకదాని మీద ఒకటి ఎండినవి. సంచిలోంచి చిన్న అద్దం తీశాను. అమ్మ పెట్టిన రూపాయంత బొట్టు నుదుట లేదు. ఎడమ కనుబొమ్మ మీదుగా చెవి దాకా ఒక ఎర్రటి చార మాత్రం ఉంది. కుడి చేతి వేళ్ళ సందుల్లో చూసుకున్నాను. మైనం.

మైనంతో కలిసింది కాబట్టే రబ్బరుకు లొంగలేదు. గూట్లో భరిణెలోది పొడి కుంకుమ. పెద్దమ్మ నుదుటికి మైనమూ లేదు, కుంకుమా లేదు. చెమట తుడుచుకున్న చేత్తో చేతులు మార్చుకుంటూ కార్డు పట్టుకున్నది నేను. మూడుసార్లు గాడిలోకి నొక్కింది నేను. పొద్దున తొమ్మిదిన్నర నుంచి అందరినీ ఏడిపించిన మరక నా నుదుటిదే.

దిగి వెనక్కి వెళ్ళాల్సింది. పెబ్బేరులో దిగితే గద్వాల బస్సు దొరికేది. పెబ్బేరు వచ్చింది, బస్సు ఆగింది, నేను లేవలేదు. తప్పు నాదని తెలిస్తే ఓనరు కౌంటర్లో కూర్చోబెడతాడు, అది మొదటి ఆలోచన. పని అయిపోయింది కదా, ఇప్పుడు చెప్తే ఎవరికి లాభం, అది రెండోది. పెద్దమ్మ సంగతి మూడోదిగా వచ్చింది. వరుస ఇలా ఉందని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మర్నాడు ఓనరు అందరి ముందూ నా భుజం తట్టాడు. నాలుగు రోజులకు గద్వాలకు ఆర్డరు వచ్చిందని తెలిసింది. సంతోషపడదామంటే కుదిరేది కాదు. ఫోన్ మోగినప్పుడల్లా గద్వాల నుంచేమో, ఎవరో కనిపెట్టారేమో అని ఉలిక్కిపడేదాన్ని. ఎవరూ కనిపెట్టలేదు. అదే మరీ కష్టంగా ఉండింది.

పదిహేను రోజులకు గుమాస్తా ఫోన్ చేశాడు. మౌసు కదలడం లేదట. మాటల్లో మాటగా పెద్దమ్మ ఎలా ఉందని అడిగాను.

"ఉన్నది మేడమ్. సాయబాన్లనే ఉంటున్నది. అధ్యక్షుడు లోపలికి రానిస్తలేడు. రెండో అంచు నేనొక్కన్నే కూసొని గడులు నింపిన. మగ్గం మీద పెడితే హంస మెడ తిరగలేదు."

మౌసు బాగుచేయడానికి పది నిమిషాలు చాలు. కానీ ముందు రోజు రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. ఎలా మొదలుపెట్టాలో, ఏ మాట ముందు అనాలో అద్దం ముందు నిలబడి వల్లె వేసుకున్నాను. ఆ పొద్దున అమ్మ మైనం తెస్తే వద్దన్నాను. బొట్టు లేకుండానే బయల్దేరాను.

వెళ్ళేసరికి ముందు గదిలో అధ్యక్షుడు, గుమాస్తా, ఇంకో ముగ్గురు నేతగాళ్ళు ఉన్నారు. సాయబాను తలుపు తెరిచే ఉంది. రాట్నం చప్పుడు వినపడుతోంది. మౌసు సంగతి పక్కన పెట్టి, వల్లె వేసుకున్న మాటలన్నీ మరిచిపోయి, నిలబడే చెప్పేశాను.

"సార్, ఆ దినం కార్డుకు కుంకుమ పెట్టింది పెద్దమ్మ కాదు. ఆ కుంకుమ నాదే. నా నొసటి బొట్టు చెమటకు కరిగి నా చేతికంటింది, చేతి నుంచి కార్డుకంటింది. తప్పు నాది."

అధ్యక్షుడు చుట్టూ ఉన్నవాళ్ళను చూసి నవ్వే ప్రయత్నం చేశాడు.

"పోనియ్యి మేడమ్. అయిందేదో అయిపాయె. ఆర్డర్ వచ్చింది గద, ఇప్పుడెందుకు?"

"ఆమెను గదిలకు రావొద్దన్నరు కద."

"అది మా లోపలి ముచ్చట తియ్యి…"

"నా మాట మీదనే అన్నరు సార్. నేను అరిచిన, మీరు అన్నరు. నాకు రుమాలు చూసుకున్ననాడే తెలుసు. చెప్పనీకె భయపడి ఇన్ని దినాలు ఊకున్న." నా గొంతు పెద్దదైందని అప్పుడు గమనించాను. ఏడుపు కూడా వచ్చేస్తోంది. "పీడ ఎవరిదన్న ఉంటే నాది. నన్ను రావొద్దనుండ్రి."

రాట్నం ఆగింది. గడప అవతల పెద్దమ్మ నిలబడి ఉంది. లోపలికి మాత్రం రాలేదు. నేనే గడప దగ్గరికి వెళ్ళాను.

"నాకెరికనే బిడ్డా," అంది. "పొద్దుగాల నువ్వొచ్చినప్పుడు నొసట ఇంత బొట్టున్నది. పగటీలికి నీకు నీళ్ళిచ్చేటప్పుడు సూస్తే చెవి దాక పాకింది. మల్ల నువ్వు ఆ కార్డు ఎత్తి చూపిస్తివి, ఎర్రగున్నది. గంత మాత్రం తెల్వదా?"

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే పెద్దమ్మా? అన్ని మాటలు పడితివి."

"చెప్తే ఏమయితుండె? నీ చేతులు అప్పటికే వణుకుతుండె. నీదే తప్పంటే ఇంకింత వణుకుతుండె. ఇగ నా అంచు బొంబాయికి ఎట్ల పోతుండె?" ఆమె అధ్యక్షుడి వైపు ఒకసారి చూసి మళ్ళీ నా వైపు తిరిగింది. "నన్ను అనుడు వీళ్ళకు కొత్త గాదు, పడుడు నాకు కొత్త గాదు. ఆర్డర్ పోతే మల్ల రాదు."

అధ్యక్షుడు లేచి నిలబడ్డాడు. ఏదో అనాలని గొంతు సవరించుకున్నాడు, కండువా ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. చివరికి గుమాస్తాతో అన్నాడు, "చాప ఎయ్యిరా. గా హంస మెడ సంగతి పెద్దమ్మను అడుగు."

అంతకంటే ఆయనకు చేతకాలేదు. నాకు మాత్రం అంతకంటే చేతనైందా?

గుమాస్తా చాప పరిచాడు. పెద్దమ్మ గడప దాటి వచ్చింది. కూర్చోలేదు. రొండిన దోపుకున్న చిన్న గుడ్డ సంచి తీసి, ముడి విప్పి, అందులోంచి ఒక పలచటి అట్ట తీసి నా చేతిలో పెట్టింది. స్టిక్కర్ బొట్ల ప్యాకెట్. ఎర్రటివి, చిన్నవి. మూలలు నలిగిపోయి, అట్ట మెత్తబడి ఉంది.

"నువ్వు పోయిన తెల్లారే కొన్న," అంది. "దుకాణపోడు నా దిక్కు ఒక తీరుగ చూసిండు. నీకెందుకే అన్నడు. మా కంప్యూటర్ పిల్లకు అన్న. మైనం బొట్టు ఇంటికాడ పెట్టుకో. పనికొచ్చినప్పుడు గివి పెట్టుకో, కరగయి."

పదిహేను రోజులు ఆమె దాన్ని నడుము దగ్గర పెట్టుకుని తిరిగింది. ఆ పదిహేను రోజులూ నేను గద్వాల నుంచి ఫోన్ రాకూడదని కోరుకుంటూ కూర్చున్నాను.

అక్కడే ఒకటి తీసి నుదుట అంటించుకున్నాను. అద్దం లేదు, కళ్ళ నిండా నీళ్ళు, ఎక్కడ పెట్టానో నాకే తెలియలేదు. వంకరగా పడిందంది పెద్దమ్మ. అని, అందరూ చూస్తుండగా చేయి చాచి, నా నుదుటి మీది బొట్టును తన వేలితో నడిమికి జరిపి గట్టిగా ఒత్తింది.